టమాట తోటలో సీడీలు

మా ఇంటికి బయటి నుంచి తాళం వేసి పోయేది నా భార్య. లోపల నేనుండగానే వేసేది. ఈ మాట చెబితే వినేవాళ్లు ఒక్క క్షణం ఆగి నా ముఖం అదోలా చూస్తారు. మా మధ్య గొడవలేమీ లేవు. గొడవంతా కోతులతో.

చేవెళ్లలో మేం అద్దెకున్నది మార్కెట్ వెనక సందులో, ముందు చిన్న వరండా ఉన్న రెండు గదుల ఇల్లు. యజమాని సిటీలో ఉంటాడు. అటూ ఇటూ ఖాళీ జాగాలు. మొయినాబాద్ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే ఉద్యోగం నాది. నా భార్య కూడా మొయినాబాద్‌లోనే ఒక ప్రైవేటు బడిలో టీచరు. ఇద్దరం నా బండి మీదే పోయి వచ్చేవాళ్లం. ఒక సాయంత్రం నేనొక్కణ్నే వస్తుంటే, ఎవరిదో ఫామ్‌హౌస్ గేటులోంచి కారు ఒకటి వెనకాముందూ చూడకుండా బీజాపూర్ రోడ్డు మీదికి దూకింది. దాన్ని తప్పించబోయి పడ్డాను. తొడ ఎముక విరిగింది, మోకాలు దెబ్బతిన్నది. మెహదీపట్నంలో ఆపరేషన్ చేసి లోపల రాడ్ వేశారు.

దవాఖాన నుంచి వచ్చిన కొత్తలో ఆమె తలుపు ఊరికే దగ్గరకు వేసి బడికి పోయేది. నేను లేచి గడియ పెట్టుకోలేను కదా. ఒక పొద్దున ఆమె అటు బస్సెక్కగానే ఇటు ఒక పెద్ద కోతి తలుపు తోసుకుని వచ్చింది. చుట్టంలా కుర్చీలో కూర్చుని, నన్ను పరామర్శించడానికి వచ్చినవాళ్లు తెచ్చిన అరటిపళ్లు ఒక్కొక్కటే ఒలుచుకుని నా ఎదుటే తింది. తొక్కలు నా మంచం మీద వేసింది. నేను హుష్ అంటే పళ్లు బయటపెట్టింది. అది తృప్తిగా లేచి వెళ్లేదాకా నేను దుప్పటి మెడదాకా లాక్కుని పడుకున్నాను. మరునాటి నుంచి తాళం మొదలైంది. తాళంచెవి ఒక్కటే ఉండేది, రెండోది ఎప్పుడో పోయింది. అది రోజూ ఆమె బ్యాగులో మొయినాబాద్ పోయి సాయంత్రానికి తిరిగొచ్చేది.

మనసు నిలవనివాణ్ని కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడంటారు. నాకు ఆ భాగ్యం కూడా లేదు. మంచం, దాని పక్కన స్టూలు, స్టూలు మీద నీళ్ల సీసా, ఎదురుగోడకు కిటికీ. కిటికీకి అవతల వరండా, వరండాకు అవతల ఎండ. రోడ్డు మీద ఆటోలవాళ్లు వికారాబాద్, వికారాబాద్ అని అరుస్తుంటే, ఎక్కడికైనా సరే నన్నూ ఎక్కించుకుపోండి అనిపించేది.

లేవకూడదని డాక్టరు అనలేదు. లేవమనే అన్నాడు. వాకర్ పట్టుకుని రోజూ నడవాలి, మోకాలు వంచాలి, ఈ నెల పోగొట్టుకుంటే కీలు బిగుసుకుపోతుంది, తర్వాత నా దగ్గరికి వచ్చి ఏడ్చినా లాభం లేదు అని ముఖం మీదే చెప్పాడు. కాని వాకర్ తెచ్చిన మొదటి రోజే బాత్రూంలో జారి పడ్డాను. ఏమీ విరగలేదు. తడి బండల మీద పడి, నా భార్య వంటింట్లోంచి పరుగెత్తి వచ్చేదాకా పైకప్పు చూస్తూ ఉన్నాను, అంతే. ఆ తర్వాత మంచం మీద లేచి కూర్చోవడమే తప్ప నేల మీద కాలు పెట్టలేదు. అడిగినవాళ్లకు నొప్పి అని చెప్పేవాణ్ని. నొప్పి ఉండేది, కాని నన్ను మంచానికి కట్టేసింది నొప్పి కాదు. భయం. పాస్టరు గారు వచ్చి కాలు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి పోయారు. ఆయన కాలు గురించి చేశారు, భయం గురించి నేను చెప్పలేదు.

అట్లాంటి రోజుల్లో నాకు ఆ పాత ఆట గుర్తుకొచ్చింది.

అది ఊరు కట్టే ఆట. డిప్లొమా చదివేటప్పుడు శంకర్‌పల్లి దగ్గరి మా ఊరు ప్రొద్దుటూరులో, మా ఇంట్లో ఒక సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ ఉండేది. దానిలో ఈ ఆట ఆడేవాణ్ని. ఖాళీ నేల ఇస్తారు. దారులు వెయ్యాలి, బావులు తవ్వాలి, పంటలు పండించి గిడ్డంగుల్లో నింపాలి. అన్నీ సరిగ్గా అమిరితే చిన్న చిన్న మనుషులు బుట్టలు మోసుకుంటూ వీధుల్లో తిరుగుతుంటారు. మా తమ్ముడు పొలం నుంచి వచ్చి నా వెనక నిలబడి, “బయట మన బోరు ఎండిపాయె, నువ్వు లోపల బావులు తవ్వుతున్నవా అన్నా” అని ఎక్కిరించేవాడు. ఇప్పుడు పడుకుని కళ్లు మూసుకుంటే ఆ చిన్న మనుషులే కనబడేవారు. ఎవరో ఒకరు ఎక్కడికో ఒకచోటికి పోతుంటే చూడాలని ఉండేది. ఆ మాట భార్యకు చెప్పలేదు. ఊరికే కాలక్షేపానికి అన్నాను.

ఆమె ల్యాప్‌టాప్ పగలు నా దగ్గర ఉంచి పోయేది. బడి ప్రశ్నాపత్రాలు, పిల్లల మార్కులు అన్నీ అందులోనే ఉన్నాయి. “పిచ్చి పిచ్చియి డౌన్‌లోడ్ చేసి ఖరాబ్ చేస్తే నేను ఊకోను” అని ముందే హెచ్చరించింది. నేను ల్యాబ్ నడిపేవాణ్ని, నాకు చెప్పేదేంటి అనుకున్నాను. పాత హార్డ్‌డిస్కులో ఆ ఆట ఫోల్డరు ఉండనే ఉంది. కాపీ చేసి సెటప్ నొక్కాను. ఈ యాప్ మీ పీసీలో పని చేయదు అంది. పాతకాలపు సెటప్‌ను కొత్త విండోస్ గుమ్మం కూడా తొక్కనివ్వదని నాకు తెలుసు, అయినా కోపం వచ్చింది. నాది ముక్కు మీది కోపం. మంచం మీద ఉన్నవాడికి అది దిగడానికి కూడా చోటుండదు.

సెటప్‌ను వదిలేసి నేరుగా ఆటనే తెరిచి చూశాను. కుడి క్లిక్ చేసి, ఇది పాత విండోస్ అనుకో అని దాన్ని మోసం చేసే చోట టిక్కులు పెట్టాను. ఒకసారి తెర నల్లగా అయి, పోయి, మళ్లీ వచ్చింది. ఆట తెరుచుకుంది. కాని ఆకాశం గులాబీ రంగులో ఉంది, గడ్డి ఊదా రంగులో ఉంది, మనుషులు జబ్బు చేసినట్టు ఆకుపచ్చగా ఉన్నారు. చూస్తుండగానే, సీడీ పెట్టండి అని ఒక డబ్బా వచ్చి ఆట మూసుకుపోయింది. టిక్కులు మార్చి మార్చి పెట్టాను. రంగులు మారాయి, ఆ డబ్బా మారలేదు.

తర్వాత కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ తయారు చేశాను. అంటే కొత్త విండోస్‌లోనే ఒక కిటికీ తెరిచి, దానిలో పాత ఎక్స్‌పీ ఎక్కించడం. అది చేయడానికి రోజులు పట్టింది. ఒకసారి మౌస్ లోపలికి పోయి బయటికి రాలేదు. ఒకసారి శబ్దం రాలేదు. చివరికి ఎక్స్‌పీ ఆ పాత సంగీతంతో లేచినప్పుడు, నిజం చెబుతున్నాను, నాకు కళ్లు చెమర్చాయి. పచ్చ గుట్ట, నీలి ఆకాశం, రంగులన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆట తెరిచాను. గడ్డి పచ్చగా ఉంది. నా ఖాళీ నేల నా ఎదుట ఉంది. సీడీ పెట్టండి, అంది.

సీడీ లేకుండా తెరిపించే దొంగ ఫైళ్లు నెట్‌లో దొరుకుతాయి. ఒకటి తెచ్చాను. దాంతో పాటు ఏం వచ్చిందో, ఆ సాయంత్రం నా భార్య ప్రశ్నాపత్రం తెరిస్తే పేకాట ప్రకటనలు ఎగిరెగిరి వచ్చాయి. ల్యాప్‌టాప్ మూసి, మంచం అంచున కూర్చుని నా వైపు చూసింది. పొద్దున నాలుగు పనులు చేసి, రెండు బస్సులు మారి, పిల్లల మీద అరిచి అరిచి వచ్చిన మనిషి. నా స్నానం, నా మందులు, నా బెడ్‌ప్యాన్ అన్నీ ఆమె చేతుల మీదే జరుగుతున్నాయి.

“నెల అయిపోవస్తున్నది. డాక్టర్ ఏమన్నడో యాదికున్నదా? నువ్వు లేస్తవా, లేవవా?” అంది.

“నా సీడీలు మా ఇంట్ల ట్రంకుపెట్టెల ఉన్నయి. అవి తెప్పియ్యి. ఆట మొదలైన నాడే నేను గూడ లేస్త” అన్నాను.

“మాటంటే మాటేనా?”

“మాటే.”

ఆ క్షణానికి ఆమె నోరు మూయించడానికి అన్న మాట అది. ఆమె నిజమనుకుంది. వెంటనే ప్రొద్దుటూరుకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, “అత్తమ్మా, ట్రంకుపెట్టెల మీ కొడుకు సీడీలు ఉండె గద, ఉన్నయా?” అని అడిగింది.

“గా అద్దం బిళ్లలా? ఉన్నయి బిడ్డా. టమాట తోటల కట్టిన” అంది మా అమ్మ.

నేను మంచం మీదే ఎగిరినంత పని చేశాను. “తోటల కట్టినవా? ఎవర్నడిగి కట్టినవవ్వా?”

“ఎవర్నడగాలె? ఏండ్లకేండ్లు పెట్టెల పడి ఉండె. పండు పండుకు పిట్ట పొడుస్తుంటె సూస్కుంట కూసుంటనా?”

ఆమె తప్పు లేదు. మా వైపు ఏ తోటలో చూసినా ఇదే పని. శంకర్‌పల్లి రోడ్డులో పోతుంటే ఎవరి పెళ్లి వీడియోనో, ఎవరి కంప్యూటర్ కోర్సో దారాలకు వేలాడుతూ గాలికి తిరిగి పిట్టల్ని బెదిరిస్తుంటుంది. మా కాలంలో దాచుకున్నవన్నీ ఇప్పుడు చేసే ఉద్యోగం అదే. నా భార్య ఫోన్ దగ్గరకు తీసుకుని, “అవి వస్తే లేస్తనంటున్నడు అత్తమ్మా” అంది.

“లేస్తనన్నడా?”

“అన్నడు.”

“అయితే రేపే తెస్త.”

సాయంత్రం తను వచ్చే వేళకు రమ్మని నా భార్య చెప్పింది. కాని మా అమ్మకు ఎవరి వేళలూ పట్టవు. మరునాడు ఎండ ఇంకా ముదరకముందే వరండాలో చెప్పుల చప్పుడు వినబడింది, తాళం గలగలమంది. “కొడుకా, తలుపు తియ్యి.”

“బయటికెంచి తాళమున్నది అవ్వా. చెవి నీ కోడలి దగ్గర ఉన్నది.”

“నిన్ను లోపల వెట్టి తాళమేసి పోయిందా?”

“కోతులు వస్తున్నయని.”

“కోతులు వస్తే మనిషిని పెట్టి తాళమేస్తరా?” అంటూ ఆమె కిటికీ దగ్గరికి వచ్చింది. చెమటపట్టిన ముఖం ఊచల మధ్య కనబడింది. చంకలోని సంచిలోంచి పాత చీర ముక్కతో చుట్టిన మూట తీసింది. విప్పితే ఎండకు తళుక్కుమన్నాయి.

“గా కిటికీలకెంచే మంచం మీదికి విసిరెయ్యి” అన్నాను.

“పగుల్తయి. గింత దూరం తెచ్చి పగలగొట్టుకుంటనా? నువ్వే వచ్చి తీస్కో.”

“నాతోని కాదవ్వా.”

ఆమె బతిమాలలేదు, తిట్టలేదు. సీడీలు పట్టుకున్న చెయ్యి మోచేతి దాకా ఊచల లోపలికి చాపి అట్లాగే నిలబడింది. “ఇవి వస్తే లేస్తనన్నవట గద” అంది. నేను గోడ వైపు చూశాను. మళ్లీ చూస్తే చెయ్యి అట్లాగే ఉంది. కాసేపటికి అది వణకడం మొదలుపెట్టింది. దించదు. ఆమె సంగతి నాకు తెలుసు, కూలికి మాటిస్తే జ్వరంలో కూడా పోయే మనిషి. ఆ వణుకు చూడలేక నాకు ఒళ్లు మండింది. తిట్టుకుంటూనే వాకర్ దగ్గరికి లాక్కున్నాను.

నేల చల్లగా తగిలింది. కాలు నాది కానట్టు ఉంది. మంచానికీ కిటికీకీ మధ్య గది ఎంతో లేదు. అయినా అది దాటేసరికి చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. అమ్మ పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన చేసుకుంటోంది. కిటికీ దగ్గరికి చేరి ఒక చేత్తో వాకర్ పట్టుకుని రెండో చేత్తో సీడీలు అందుకున్నాను. తళతళలాడుతూ శుభ్రంగా ఉన్నాయి. వెలుగులోకి తిప్పి చూశాను. ఒకవైపంతా గుండ్రంగా గీతలు ఉన్నాయి, తోమిన గిన్నె అడుగున ఉంటాయే, అట్లాంటివి.

“ఏం చేసినవవ్వా వీటిని?”

“పిట్టల రెట్టలు పట్టి ఉండె. బూడిద వెట్టి పీచుతోని తోమిన. ఎంత మంచిగొచ్చినయో సూడు.”

నా కోపం ఎట్లాంటిదంటే, అది నోటికన్నా ముందు చేతుల్లోకి వస్తుంది. నాకు తెలియకుండానే వాకర్‌ను పక్కకు ఒక్క తోపు తోశాను. అది దూరంగా పోయి బోర్లా పడింది. మరుక్షణం నా కింద ఏమీ లేదు. ముందుకు తూలాను. అమ్మ రెండు చేతులూ ఊచల్లోంచి దూసుకొచ్చి నా చంకల కింద చొక్కాతో సహా దొరకబుచ్చుకున్నాయి. నా నుదురు ఊచలకు తగిలింది, సీడీలు కిటికీ గట్టు మీద పడ్డాయి.

“ఇడువకవ్వా” అన్నాను.

“ఇడువ.”

వెనక్కి తిరగలేను. వంగి వాకర్ లేపలేను. కూలబడితే ఏం విరుగుతుందో తెలియదు. “తాళం పలగ్గొడ్తునే, చేతులిడిస్తె నువ్వు పడ్తివి” అంది ఆమె. నేను ఊచలు గట్టిగా పట్టుకున్నాక ఒక్క చెయ్యి మాత్రం మెల్లగా తీసి, రొండిన దోపుకున్న ఫోన్ బయటికి లాగింది. పచ్చ బటను రెండుసార్లు ఒత్తితే కోడలికి పోతుంది. నా భార్య క్లాసులో ఉన్నట్టుంది, ఎత్తలేదు. మళ్లీ ఒత్తింది. ఎత్తాక అమ్మ మొదట అన్న మాట, “బిడ్డా, కొడుకు లేసిండు.”

“మంచి మాట చెప్పినవ్ అత్తమ్మా” అని నా భార్య సంతోషం నాకూ వినబడింది. “నేను సాయంత్రం వస్త గద.”

“కాదు బిడ్డా. మళ్ల కూసోనికి వస్తలేదు. జల్ది రా.”

ఆమె మొయినాబాద్ నుంచి రావాలి. అంతదాకా మేమిద్దరం కిటికీకి చెరోవైపు అట్లాగే ఉన్నాం. నాకు అరవాలని ఉంది. కాని నన్ను పట్టుకున్న మనిషి మీదే అరవాలి. కోపమంతా లోపలే తిరిగి తిరిగి చల్లారింది. కాలు మంటపెట్టింది, తర్వాత మొద్దుబారింది, తర్వాత మళ్లీ మంట. అమ్మ తోట గురించి చెబుతూ పోయింది. బిళ్లలన్నీ విప్పుకొచ్చిందట, ఒక్కటి కూడా ఉంచలేదట, ఏది నాకు కావలసిందో తెలియదు కదా. “ఇయ్యాల పిట్టలకు పండుగే” అంది. ఈ కాపు అమ్మితేనే ఆమెకు ఈ పంటకాలం గడిచేది.

నా భార్య ఆటోలో వచ్చి తాళం తీసి, కుర్చీ తెచ్చి నా వెనక పెట్టింది. కూర్చున్నాక నాకు ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. అప్పుడు అమ్మ లోపలికి వచ్చింది. ఆమె రెండు ముంజేతుల మీదా ఊచలు ఒత్తుకున్న చారలు నల్లగా కమిలి ఉన్నాయి. కొంగుతో కప్పుకుని నా పక్కన నేల మీద కూర్చుని, “మరి పెట్టు. ఏం ఆటనో నేను గూడ సూస్త” అంది.

పెట్టకుండా ఎట్లా ఉంటాను? కాలేజీలో తోటి ఉద్యోగి తెచ్చిచ్చిన సీడీ డ్రైవు ఉంది. స్కెచ్ పెన్నుతో రాసుకున్న పేర్లన్నీ ఎండకు పోయాయి కాబట్టి ఒక్కొక్కటే పెట్టి చూడాలి. మొదటిది పెట్టాను. డ్రైవు గరగరమని తిరిగి ఆగింది. సీడీ పెట్టండి. రెండోది పెట్టాను. సీడీ పెట్టండి. అమ్మ ఒక్కో బిళ్లనూ కొంగుతో తుడిచి అందిస్తోంది. సగం అయ్యేసరికి తుడవడం ఆపేసింది. చివరిదానికీ అదే మాట వచ్చింది.

“నేను తోమిన గద. గందుకేనా?” అంది.

“కాదవ్వా. ఎండకు పోయినయి.”

“ఎండకు కట్టింది గూడ నేనే గద.”

ఆమె ఆ బిళ్లల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి చీర ముక్కలో చుట్టింది. ముడి వేస్తూ, నా వైపు చూడకుండా, “అయితే ఇగ నువ్వు లేవవా, కొడుకా?” అని అడిగింది.

అంతకుముందు ఆ ప్రశ్న నన్ను డాక్టరు అడిగాడు, భార్య అడిగింది, నన్ను నేనే అడిగాను. అందరి దగ్గరా తప్పించుకున్నాను. ఇప్పుడు తప్పించుకుంటే, ఆట రాలేదు కాబట్టి కొడుకు లేవలేదు, నేను తోమబట్టే వాడి కాలు పోయింది అని మా అమ్మ బతికినంత కాలం అనుకుంటుంది. ఎవరు చెప్పినా వినదు. ఏ దారిలో చూసినా అదే కనబడింది. నాకు భయం పోలేదు, కాలు మంట తగ్గలేదు, లేవాలని లేదు.

“గా వాకర్ ఇటియ్యి” అన్నాను నా భార్యతో.

లేచాను. ఒకవైపు ఆమె, ఇంకోవైపు అమ్మ. వంటింటి గుమ్మం దాకా పోయేసరికి ప్రాణం గొంతులోకి వచ్చింది. గుమ్మం పట్టుకుని, “ఇగో, లేసిన గద” అన్నాను. అమ్మ నా ముఖం చూడలేదు. నా పాదాల వైపే చూస్తూ, “ఇంకో అడుగెయ్యి” అంది.